తిరగేసిన పళ్ళెం

గాజువాక ఆటోనగర్‌లో పైడినాయుడు అనే మెకానిక్ ఉండేవాడు. పనిలో అతని చెయ్యి బంగారమే గానీ, తప్పు ఒప్పుకోవాలంటే మాత్రం ప్రాణం మీదికొచ్చేది.

"నేను బిగించిన బోల్టు మళ్ళీ విప్పే పని రాదు" అనేది అతని ఊతపదం. టీ తాగుతూ అనేవాడు, చేతులు కడుక్కుంటూ అనేవాడు, ఎవరూ అడక్కపోయినా అనేవాడు. పక్క షెడ్డులో ఇనుము చెక్కే లేత్ మిషన్ నడిపే జోగారావు ఈ మాట విని విని, నాయుడు నోరు తెరవగానే తనే ముందు అనేసి నవ్వేవాడు.

నాయుడి షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. బండి విప్పేటప్పుడు ఊడదీసిన ప్రతి బోల్టునీ, వాషర్‌నీ, స్ప్రింగునీ ఒక పెద్ద స్టీలు పళ్ళెంలో వేసేవాడు. పనయ్యాక బండి మనిషిని పిలిచి, ఎదురుగా ఆ పళ్ళెం ఎత్తి బోర్లా తిప్పేవాడు. కింద ఏమీ రాలకపోతే అన్నీ ఎక్కడివక్కడ చేరినట్టే. ఆ తర్వాతే తాళం చేతికిచ్చేవాడు. అతనికి పని నేర్పిన ఉస్తాద్ పెట్టిన పద్ధతి అది. "నాయుడు పళ్ళెం తిప్పాడంటే ఇక చూసుకోనక్కర్లేదు" అని ఆటోనగర్ అంతా చెప్పుకునేవారు.

ఒకనాడు డాక్టర్ హైమవతి కారు ఆ షెడ్డుకి వచ్చింది. వచ్చింది అనకూడదు లెండి, తాడు కట్టి లాక్కొచ్చారు. సముద్రపు ఆకుపచ్చ రంగులో, పడవంత పొడుగున్న పాత విదేశీ కారు. దానికి క్లచ్ ఉండదు, గేర్లు వాటంతటవే పడతాయి. హైమవతికి చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. కుడికాలు ఒక్కదానితో నడపగలిగే బండి కావాలని వాళ్ళ నాన్న ఆ కారు కొన్నాడు. అనంతగిరి కొండ మీద ఆవిడకో చిన్న ఆసుపత్రి ఉంది. ప్రతి వారం మందుల పెట్టెలు వేసుకుని, ఘాట్ రోడ్డు మీద తనే నడుపుకుంటూ వెళ్ళేది.

"ఆ పాత డబ్బా పీకేసి మామూలు గేర్‌బాక్సు పెట్టించుకోండి డాక్టరమ్మా" అన్నాడు జోగారావు.

"అలాగే. క్లచ్ నీ కాలుతో తొక్కుతావా?" అంది ఆవిడ.

జోగారావు నాలిక్కరుచుకున్నాడు. ఆవిడ కారు తలుపు మీద చెయ్యి వేసి, "కొత్త బండి కొనుక్కోమంటారు అందరూ. నా కాలు కదలనని మొరాయిస్తే నాకు నడక నేర్పింది ఇదయ్యా. దీన్ని బాగుచెయ్యగలవా నాయుడూ?" అని అడిగింది.

"నేను బిగించాక మళ్ళీ విప్పే పని రాదమ్మా" అన్నాడు నాయుడు.

మాటంటే మాటే. నాయుడు గేర్‌బాక్సు దించాడు. ఇలాంటి గేర్‌బాక్సులో పని చేసేది ఆయిల్. ఎర్రటి ఆయిల్ సన్నటి దారుల గుండా పరుగెత్తి గేర్లు మారుస్తుంది. ఏ దారి ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో చూసుకోవడానికి లోపల చిన్న చిన్న ఉక్కు గోళీలు ఉంటాయి. నాయుడు గేర్లని పట్టి తిప్పే ప్లేట్లు మాడిపోయి ఉంటే తీసి కొత్తవి వేశాడు. ఆయిల్ కారకుండా ఆపే సీళ్ళు మార్చాడు. ప్రతి దారినీ కడిగి, గాలి కొట్టి, వెలుతురుకి పట్టి చూశాడు. ఆగిన బండి జారకుండా పట్టుకునే లోపలి లాకు మాత్రం అరిగిపోయింది, ఎంత వెతికినా కొత్తది దొరకలేదు.

"దాన్ని నమ్మకండి. ఎత్తులో ఆగితే చక్రం కింద రాయి పెట్టించండి" అని ఆ మాట ముందే చెప్పాడు.

"మా కాంపౌండర్ దిగి పెడతాడులే" అంది ఆవిడ.

అన్నీ బిగించాడు. ఆయిల్ పోశాడు. ఆటోనగర్ రోడ్ల మీద ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. కారు వెన్నలా కదిలింది. జోగారావూ, చుట్టుపక్కల షెడ్ల వాళ్ళూ గుమిగూడి చూశారు. నాయుడు మీసం దువ్వుకుంటూ డాక్టరమ్మకి కబురు పంపాడు.

ఆవిడ గేటు దాటి లోపలికి వస్తోంది. నాయుడు పళ్ళెం తుడుద్దామని అందులో ఉన్న గుడ్డ తీశాడు. గుడ్డ కింద, అంచున గ్రీజుకి అతుక్కుని ఒక ఉక్కు గోళీ ఉంది.

ప్లేట్లు, సీళ్ళతో పాటు కిట్‌లో వచ్చిన కొత్త గోళీ ఏమో అనుకున్నాడు నాయుడు. కొత్తవి పొట్లంలో అలాగే ఉన్నాయి. దీని మీద ఏళ్ళ తరబడి ఆయిల్‌లో నానిన మచ్చ ఉంది. ఇది లోపల ఉండాల్సిన గోళీయే. ఆయిల్ చల్లగా ఉన్నంతసేపూ తెలియదు. కొండెక్కేటప్పుడు ఆయిల్ వేడెక్కి పలచబడితే మూసుకోవాల్సిన దారి మూసుకోదు, పట్టు తప్పుతుంది. అదంతా అతనికి తెలుసు. కింద ఆయిల్ నిలిచే పాన్ విప్పి గోళీ పెట్టడం ఒక పూట పని, అదీ తెలుసు.

కానీ అందరూ చూస్తున్నారు. జోగారావు అప్పుడే నోరు తెరిచి, "నాయుడు బిగించిన బోల్టు..." అని మొదలెట్టాడు. అందరూ నవ్వారు.

నాయుడి పిడికిలి గోళీ మీద మూసుకుంది. రెండో చేత్తో పళ్ళెం ఎత్తి బోర్లా తిప్పాడు. ఏమీ రాలలేదు.

"ఇంకేం, నాకు భయం లేదు" అంది హైమవతి. ఆవిడ అసలు పళ్ళెం వైపు చూడనే లేదు. "కాంపౌండర్ పొద్దున్నే బస్సులో వెళ్ళిపోయాడు. నేనూ ఇటునించి ఇటే కొండకి పోతా. పిల్లలకి టీకాలు వేసే రోజు."

"ఇవాళే వెళ్ళాలా అమ్మా?" అన్నాడు నాయుడు.

"ఏం, బండి బాగాలేదా?"

అందరూ అతని వైపు చూశారు. "అబ్బే, బాగుంది" అన్నాడు. ఆ మాట ఎలా వచ్చిందో వచ్చేసింది. ఆకుపచ్చ కారు మెల్లగా గేటు దాటి రోడ్డెక్కింది.

కాసేపటికి నాయుడి భార్య నూకరత్నం టిఫిన్ క్యారియర్ తెచ్చింది. అతను ముద్ద కలిపాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. చొక్కా జేబు తడుముకుంటున్నాడు, చెయ్యి తీస్తున్నాడు, మళ్ళీ తడుముకుంటున్నాడు.

"జేబులో ఏటుంది?" అంది నూకరత్నం.

"ఏమీ లేదు."

"ఏమీ లేందానికి ఆ చెమటలేటి? తియ్యి ముందు."

గోళీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఏదో ఒకటి అల్లి చెబుదామని చూశాడు, కుదరలేదు. జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. ఆమె గోళీ వైపు ఒకసారి, మొగుడి వైపు ఒకసారి చూసింది.

"నలుగురూ నవ్వుతారని ఆయమ్మని కొండెక్కించేసినావా? నీ సిగ్గు చల్లగుండా!" అంది. "కూడు తర్వాత తిందువుగాని. లెగు!"

నాయుడు లేచాడు. ఫోన్ చేశాడు, మోగింది గానీ ఎత్తలేదు. స్టీరింగ్ పట్టుకుంటే ఆవిడ ఫోన్ ముట్టదని ఆటోనగర్‌లో అందరికీ తెలుసు. గోళీ జేబులో వేసుకుని, మోటారు సైకిలెక్కి శృంగవరపుకోట దారి పట్టాడు.

ఎదురొచ్చిన ప్రతి ఆకుపచ్చ రంగునీ చూసి ఉలిక్కిపడ్డాడు. 'ఎక్కడో టీ కోసం ఆగి ఉంటుంది. ఆగి ఉండాలి తల్లీ' అని గొణుక్కున్నాడు. శృంగవరపుకోట దాటి కొండ మొదట్లో జీడిపప్పు అమ్ముకునే మనిషిని అడిగాడు.

"పడవలాంటి కారా? ఇందాకే ఎక్కిందయ్యా. ఏదో మాడు వాసన కొట్టింది" అన్నాడా మనిషి.

నాయుడు మోటారు సైకిల్ని కొండ ఎక్కించాడు. ఒక మలుపు, ఇంకో మలుపు. మాడిన ఆయిల్ కంపు అతనికీ తగిలింది. ఆపైన హారన్ వినబడింది. ఎవరో అడ్డొచ్చినప్పుడు కొట్టే హారన్ కాదది, ఆపకుండా మోగుతూనే ఉంది.

మలుపు తిరిగేసరికి కారు కనబడింది. ముక్కు పైకెత్తి ఎత్తు మధ్యలో నిలబడి ఉంది. వెనక రోడ్డు వాలి, పిట్టగోడ కూలిన చోట లోయలోకి తెరుచుకుని ఉంది. కారు నిలబడిందని అనుకున్నాడు గానీ, చూస్తుండగానే చక్రం జానెడు వెనక్కి జారింది. ఆగింది. మళ్ళీ జారింది.

ఏం జరిగిందో నాయుడికి వెంటనే అర్థమైంది. గేరు పట్టు వదిలేసింది. లోపలి లాకు ఎలాగూ అరిగిపోయింది, అంత బరువుకి చేతి బ్రేకు చాలడం లేదు. దిగి రాయి పెట్టే మనిషి పక్కన లేడు. ఆవిడ ఉన్న ఒక్క కాలినీ బ్రేకు మీద వేసి తొక్కి పట్టుకుంది, ఆ కాలు అలిసిపోతోంది.

మోటారు సైకిల్ అక్కడే పడేసి పరుగెత్తాడు. రోడ్డు పక్క రాయి లాగి వెనక చక్రం కింద తోశాడు. చక్రం రాయి మీదికి ఎక్కి, దాన్ని పక్కకి చిమ్మేసింది. "నాయనా సింహాద్రి అప్పన్నా!" అని అరుస్తూ ఇంకా పెద్ద బండరాయిని గుండెకి హత్తుకుని తెచ్చి పడేశాడు. కారు దాని మీద ఆనింది. గుర్రుమంది. ఆగిపోయింది. రెండో చక్రం కిందా ఇంకోటి పెట్టాడు.

"అమ్మా, ఇక కాలు తియ్యండి" అన్నాడు తలుపు తెరిచి.

హైమవతి ముఖం పాలిపోయి ఉంది. "తియ్యలేను నాయుడూ. ఈ కాలూ నా మాట వినడం లేదు" అంది.

అతను రోడ్డు మీద కూలబడి, వణుకుతున్న ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా బ్రేకు మీంచి తీశాడు. అతనికి ఏడుపొచ్చింది.

అంతలో కిందినించి బస్సొచ్చి ఆగింది. జనం దిగారు. ఎవరో ఆవిడకి మంచినీళ్ళిచ్చారు. కూలిన గోడ చూసి, బండరాళ్ళు చూసి, "సమయానికి దేవుడల్లే వచ్చావయ్యా!" అని నాయుడి భుజం తట్టారు.

"నిజంగా దేవుడిలాగే వచ్చావు" అంది హైమవతి నీళ్ళు తాగి. "నీ పనిలో లోటుండదు. బండి ముసలిదైపోయింది, నేనూ ముసలిదాన్నయ్యాను. ఎక్కడో తప్పుగా తొక్కి ఉంటాను. ఇక ఈ కొండ మీదికి నేను నడపను. బండి అమ్మేస్తా."

నాయుడు నోరు మూసుకుంటే చాలు. దేవుడైపోతాడు. గోళీ సంగతి తనకీ, నూకరత్నానికీ తప్ప ఎవరికీ తెలియదు. కానీ ఆవిడ తన మంచి కాలి వైపు, అదేదో పెద్ద నేరం చేసినట్టు చూసుకుంటోంది. ఆ చూపు అతను భరించలేకపోయాడు.

జేబులోంచి గోళీ తీసి, అందరి ఎదుటా అరచెయ్యి చాపాడు.

"మీరేం తప్పు తొక్కలేదమ్మా. బండిదీ తప్పు లేదు. ఇది లోపల ఉండాలి. నేను పెట్టడం మరిచిపోయాను."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మీరు గేటు దాటి వస్తున్నప్పుడు."

"అంటే పళ్ళెం తిప్పినప్పుడు..."

"నా పిడికిట్లోనే ఉందమ్మా."

భుజం తట్టిన చేయి వెనక్కి వెళ్ళిపోయింది. హైమవతి అతని అరచేతి వైపు చూసింది.

"నేను పళ్ళెం చూడలేదు నాయుడూ. నిన్ను చూశాను" అంది.

తిట్టినా బాగుండుననిపించింది అతనికి. తల వంచుకుని, మందుల పెట్టెలు తనే బస్సులోకి ఎక్కించాడు. ఆవిడా ఆ బస్సులోనే కొండమీదికి వెళ్ళిపోయింది.

కారు మళ్ళీ తాడు కట్టుకుని ఆటోనగర్ చేరింది. ఒక పూట పని కాస్తా పెద్ద పనైంది. కొత్త ప్లేట్లన్నీ మాడి బొగ్గయ్యాయి. నాయుడు గేటు పక్కన, అందరికీ కనబడేలా కూర్చుని గేర్‌బాక్సు మొదటి నుంచీ విప్పాడు.

"ఏం నాయుడూ, నీ బోల్టు మళ్ళీ విప్పే పని రాదన్నావే?" అన్నాడు జోగారావు.

"వచ్చింది. నేనే తప్పు బిగించాను, పైగా దాచాను" అన్నాడు నాయుడు, ఆ వరస షెడ్లన్నిటికీ వినబడేలా. జోగారావు ఇక నవ్వలేదు. వచ్చి పక్కన కూర్చుని, అరిగిపోయిన ఆ లోపలి లాకుని చేతిలోకి తీసుకుని, "దొరక్కపోతే ఏం, నేను చేసిస్తా" అన్నాడు.

పనయ్యాక హైమవతి వచ్చింది. నాయుడు పళ్ళెం ఎత్తలేదు. ముందు రెండు అరచేతులూ చాపి చూపించాడు. తర్వాత జేబులు బయటికి తీసి చూపించాడు. అప్పుడు పళ్ళెం ఆవిడ చేతికే ఇచ్చాడు.

ఆవిడ ఈసారి పళ్ళెం లోపలా, అంచుల వెంటా వేలితో తడిమి చూసింది. తనే బోర్లా తిప్పింది. తాళం తీసుకుని కార్లో కూర్చుంది.

"ఎక్కు. కొండ దాకా నువ్వూ రా" అంది.

నాయుడు పక్కన కూర్చున్నాడు. కూలిన పిట్టగోడ దగ్గరికి వచ్చేసరికి అతను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. కారు గేరు మార్చుకుంది. పట్టు తప్పలేదు, గొంతు మారలేదు, ఆ మలుపు నింపాదిగా ఎక్కేసింది. హైమవతి అతని వైపు చూడకుండానే, "వచ్చే నెల ఆయిల్ మార్చాలి కదూ? నీ దగ్గరికే తెస్తా" అంది.

ఆ రోజు నుంచి నాయుడు షెడ్డులో ముందు అరచేతులు, తర్వాతే పళ్ళెం. పిల్లలూ, పెద్దలూ, గుర్తుంచుకోండి: పని చేసే చేతికి తప్పు జరగడం సహజం, ఆ తప్పును పిడికిట్లో దాచుకోవడమే ప్రాణాల మీదికి తెస్తుంది.