చచ్చిన పురుగు చుట్టూ

డాక్టర్ పరబ్రహ్మంగారు శిష్యుల ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పడం అరుదు. మైక్రోస్కోపు ముందున్న స్టూలు జరిపి "కూర్చో" అనేవారు. బోదకాలు వైద్యంలోనే తల నెరిసిన మనిషాయన. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న హైమవతి ఒకనాడు ఉక్రోషం పట్టలేక అడిగేసింది: "పురుగు చస్తే చాలదా గురువుగారూ? తన కొంపకు తానే నిప్పు పెట్టుకునే ఈ బుద్ధి ఒంటికెందుకు?"

ఆ ఉక్రోషానికి కారణం గుమ్మంలోనే నిలబడి ఉంది. ఒంట్లో బోదకాలు పురుగు ఉందని తేలిన అప్పలకొండ, ఆమె మాట మీదే మాత్రలు మొదలుపెట్టాడు. వెంటనే జ్వరం పట్టుకుంది, తొడ మీద రేగిపండంత గడ్డ లేచింది. చేపల వేటకు వెళ్లలేక కుంటుకుంటూ వచ్చి మాత్రల పొట్లం బల్ల మీద పడేశాడు.

"బాగున్నోడికి రోగం అంటగట్టినారు కదమ్మా! మా పేటలో ఇంకొక్కడు మీ మాత్ర నోట్లో ఏసుకోడు."

అతను మధ్యలో మానేస్తే మిగిలిన పురుగులు బతికి కాలు ఏనుగుకాలైపోతుందేమోనని ఆమె భయం. పేట పేటంతా అతని వెనకే నడుస్తుందని అంతకంటే పెద్ద భయం.

గురువుగారు అతన్ని బతిమాలలేదు, కసరలేదు. ఎలాగో ఒప్పించి గడ్డను మాత్రం కోసి తీశారు. స్లయిడు తయారయ్యాక అప్పలకొండనీ, అతని భార్య నూకాలునీ పిలిపించి, హైమవతికి స్టూలు చూపించారు. "చూసింది చూసినట్టు వీళ్లకు చెప్పు" అన్నారు.

నడుమ పురుగు చుట్టచుట్టుకుని చచ్చిపడుంది. దాన్ని అంటిపెట్టుకుని ఇసినోఫిల్స్, ఎర్రటి గింజలు నిండిన రక్తకణాలు. కొన్ని ఆ గింజలన్నీ పురుగు మీద కుమ్మరించి, తామూ రాలిపోయాయి. వాటి వెనక మింగే కణాలు. ఆ పురుగు ఒక్క కణానికి కొరుకుడు పడదని తెలిసి, పదేసి కలిసి ఒక్క పెద్ద కణమైపోయాయి. పక్కనే వాటికి కబుర్లు మోసే టి-కణాలు. అన్నిటికీ వెలుపల నారలు పేనుతూ గోడ కట్టే కణాలు. ఆ గోడ అవతల కండ నిక్షేపంగా ఉంది. పుస్తకంలో వాపు అని ఒక్క ముక్కలో చదివి వదిలేసింది ఇంత కట్టుదిట్టమైన పనా అని హైమవతికి ఒళ్లు పులకరించింది. మేస్త్రీ లేడు, కేకలు లేవు, ఒకరి పనికి ఒకరు అడ్డు లేరు! చూసిందంతా అలాగే వాళ్లకు చెప్పింది.

అప్పలకొండ కూడా కన్ను ఆనించి చూశాడు. "మరి ఇన్నాళ్లూ ఈళ్లంతా ఏటి చేసినారమ్మా?"

"బతికున్నన్నాళ్లూ అది వీళ్లను జోకొట్టి పడుకోబెట్టింది కొండా. చచ్చేసరికి ఆ మాయ వదిలింది. నీ జ్వరం వీళ్లు లేచిన సందడే."

అతను మళ్లీ ఒకసారి కన్ను ఆనించి చూశాడు. ఆనక మాత్రల పొట్లం అడిగి తీసుకుని మొలలో దోపుకున్నాడు. తానే పేటలో అందరికీ చెబుతానన్నాడు.

ఇప్పుడు బెంగ నూకాలుకు పట్టుకుంది. పరీక్షలో పురుగు కనబడకపోయినా ముందుజాగ్రత్తకని ఆమె చేత కూడా అవే మాత్రలు మింగించారు. "మరి నాకు జొరమూ లేదు, గడ్డా లేదు బాబూ! నా ఒంట్లో ఆళ్లు పని సెయ్యట్లేదేటి?"

హైమవతి నవ్వబోయి గురువుగారి వైపు చూసింది. ఆయన చూపు అప్పటికే శిష్యురాలి మీద ఉంది.

"పని లేనిచోట వాళ్లు నిప్పు పెట్టరమ్మా" అన్నారాయన.