కాగితం మీద పాదం

ఉదయం తొమ్మిదిన్నర. ముసురు పట్టింది. గాలి లేదు.

గురుపౌర్ణమి కదా అని నేనూ, మా అమ్మాయి సుప్రజా కలిసి వీరాచారి గురువుగారి ఇంటికి వెళ్లాం. ఆయనది వడ్రంగం. పగలు రంపం, సాయంత్రం బోధ.

నాకొక సందేహం ఉంది. పది రోజులుగా నిద్ర లేదు.

సుప్రజ ఏదో విదేశీ ఆటల కంపెనీకి బొమ్మలు గీస్తుంది. జీతం క్రిప్టోలో, అంటే ఇంటర్నెట్‌లోనే ఉండే డబ్బులో ఇస్తారు. రెండేళ్ల కష్టం బ్రౌజర్‌కు తగిలించిన వాలెట్‌లో, ఆ డబ్బు దాచే పెట్టెలో ఉంది. వాళ్ల నాన్న గుండె ఆపరేషన్‌కు మాకున్నది అదే. దాని స్నేహితురాలు దొంగ సైటులో ఒక్క నొక్కు నొక్కితే అలాంటి వాలెట్టే ఖాళీ అయిందట. కంప్యూటర్‌లో విడిగా వేసుకునే వాలెట్ మేలంటారు. మరి కంప్యూటర్ చెడిపోతే?

"దేనికైనా తాళం ఈ పన్నెండు మాటలేనమ్మా," అంది సుప్రజ మొన్న ఇంట్లో, నోటుబుక్ చూపించి. కంప్యూటర్ చెడినా వాటితో మళ్లీ తెరవొచ్చట.

మాలో పెళ్లిపత్రికైనా, కొత్త బండి తాళమైనా ముందు గురువు పాదాల దగ్గర పెడతాం. ఆ పన్నెండు మాటలూ తెల్లకాగితం మీద పెద్దగా రాశాను. నాలుగు మూలలా పసుపు అద్దాను. దానికి చెప్పలేదు.

పాదపూజకు వచ్చినవాళ్ల వరసలో నా వంతు వచ్చింది. కాగితం విప్పి పాదాల ముందు పెట్టి మొక్కాను.

"ఏందమ్మా ఇది?"

"మా బిడ్డ పైసల తాళం గురువుగారూ. బ్రౌజర్ల ఉంచమంటరా, వేరే దాంట్ల పెట్టమంటరా? పెట్టెలు చేసే చేతులు. మీరే చెప్పాలె."

"అమ్మా!" వెనక నుంచి సుప్రజ గొంతు. "అదెందుకు తెచ్చినవే?"

"గురువు దగ్గర దాపరికమేందే?"

గురువుగారు దాని ముఖం చూశారు. తర్వాత నన్ను అడిగారు.

"ఈ మాటలు ఎవరికి తెలిసినా తెరుచుకుంటదా?"

"తెరుచుకుంటది. ఏ పెట్టైనా."

పక్కన ఆయన శిష్యుడు మల్లేశం ఫోన్ పట్టుకుని పాదపూజ ఫొటోలు తీస్తున్నాడు, వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి.

గురువుగారు ఆ ఫోన్ వైపు చూసి, కుడి పాదం ఎత్తి కాగితం మీద పెట్టారు.

అక్షరం ఉన్న కాగితం పొరపాటున కాలికి తగిలితేనే కళ్లకద్దుకునేవాళ్లం.

"అయ్యో, సరస్వతి..." అంది ఎవరో ముసలమ్మ.

ఆయన కాలు తీయలేదు. వంగి, పాదం కిందే కాగితాన్ని మడిచి, నా గుప్పిట్లో పెట్టి మూశారు.

"పెట్టె సంగతి తర్వాత. నాక్కూడా చూపియ్యకు."

సుప్రజ నన్ను పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. తిడుతుందనుకున్నాను. ఏడుస్తోంది.

మల్లేశం ఫొటోల్లో ఏం పడిందో ఎవరికి తెలుసు? ఇంటికి రాగానే సుప్రజ కంప్యూటర్‌లో విడిగా కొత్త వాలెట్ వేసుకుంది. కొత్త మాటలు వచ్చాయి. ఉన్నదంతా అందులోకి మార్చింది. రోజువారీ పనికని కొంచెమే బ్రౌజర్‌లో పెట్టింది. కొత్త మాటలు నోటుబుక్‌లో రాసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది.

నాకు చూపించలేదు. నేనూ అడగలేదు.

నెల తిరక్కుండా ఆపరేషన్ అయింది. పన్నెండో రోజు ఆటోలో ఇంటికి వచ్చాం. ముందు మా ఆయన దిగారు, గోడ పట్టుకుని. తర్వాత సుప్రజ, మందుల సంచితో. తర్వాత నేను.

ముగ్గురం. గడప దాటాక మళ్లీ లెక్కపెట్టుకున్నాను. ముగ్గురమే.