గీతలున్నవే కొట్లోకి

గుమ్మలపాడులో బుర్రలున్నవాళ్ళు ఎవరయ్యా అంటే కిరాణా కొట్టు అన్నదమ్ములే. ఆ మాట చెప్పేది కూడా ఆ అన్నదమ్ములే. పెద్దవాడు గవిరయ్య, నడిమివాడు పోతురాజు, చిన్నవాడు వరహాలు. వరహాలు గుండె నిండా పైడమ్మే. ఆ పిల్ల నవ్విందంటే వాడికి కందిపప్పు డబ్బాలోనూ వెన్నెల కనబడేది. పైడమ్మ నాన్న కూర్మయ్య, "గురువారం వస్తాను. కొట్టు తెలివిగా నడుపుతుంటేనే పిల్లనిస్తాను" అన్నాడు.

ఇంకేముంది! పట్నం నుంచి ఒకాయన్ని పిలిచి చవకలో లినక్స్‌తో నడిచే ఫోను ఒకటి పెట్టించారు. "సరుకు మీది నల్లగీతలు దీనికి చూపిస్తే పేరూ ధరా చెబుతుంది. గీతలు నిలువుగా ఉండాలి. ఫోను కదలకూడదు. గీతలు లేనిది కొట్లో ఉంచకండి" అని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

అంతే. కదలకూడదని గవిరయ్య ఫోనుని చెక్కలో ఇరికించి గోడకి మేకులు కొట్టేశాడు. ఇక సరుకే గోడ దగ్గరికి నడవాలి. పోతురాజు మూత తీసున్న నూనె డబ్బా ఎత్తాడు. గీతలు అడుగున ఉన్నాయి. బోర్లించాడు. ఫోను కీచుమంది, నూనె గడప దాటింది.

"ధర చెప్పిందిరా!" అని గవిరయ్య మురిసిపోయాడు.

కోడిగుడ్లకి గీతల్లేవు. బొగ్గుతో గియ్యబోయారు. "గట్టిగా గియ్యరా, ఫోనుకి ఆనాలి కదా!" అన్నాడు పోతురాజు. నలభై గుడ్లు గీశారు, ఒక్కటీ మిగల్లేదు.

అప్పుడే కూర్మయ్య దిగాడు, వెనకాలే పైడమ్మ. ఆయన నుదుట మూడు విభూతి రేఖలు.

"గీతలున్నాయి, రా మావా!" అన్నాడు గవిరయ్య. "అయ్యో, అడ్డంగా ఉన్నాయే!"

ఇద్దరన్నలూ కాళ్ళూ భుజాలూ పట్టుకుని ఆయన్ని అడ్డంగా ఎత్తి, నుదురు ఫోనుకి చూపించారు.

"దించండ్రా సన్నాసుల్లారా!"

ఆయన చేతిలోని పళ్ళపొడి డబ్బా మీది గీతలు ఫోను ముందుకొచ్చాయి. ఫోను కీచుమంది.

"మావా, నువ్వు పళ్ళపొడివంట!"

వరహాలుకి ఇవేవీ వినబడలేదు. గుమ్మంలో పైడమ్మ. నుదుట గుండ్రటి కుంకుమ బొట్టు, ఒక్క గీతా లేదు! ఇంక ఈ గడప ఎలా దాటుతుంది? వాడి కళ్ళు చెమర్చాయి. బొగ్గు పట్టుకెళ్ళి, "పైడీ, గీతలు గియ్యనా?" అన్నాడు.

పైడమ్మ గాల్లో ఉన్న నాన్నని చూసింది. కళ్ళు మూసుకుని నుదురు ముందుకి పెట్టింది.

"నిలువుగా గియ్యి బావా. నన్ను కూడా ఎత్తాలంటే మీవాళ్ళకి శ్రమ."

"దీన్ని మీ వాడికి తప్ప ఎవరికిస్తానురా!" అని కూర్మయ్య గాల్లోనే నుదురు కొట్టుకున్నాడు. విభూతి కాస్తా చెరిగిపోయింది.

గీతల్లేవు! అన్నలిద్దరూ తమ్ముడికి కాబోయే మావని అలాగే మోసుకెళ్ళి వీధిలో పెట్టేసి వచ్చారు.