గవరయ్య గాలి తెప్పకి అతుకు వేసిన వైనం

చింతలగెడ్డ జలాశయం గట్టున ఎన్ని ఇళ్ళున్నా, తెలివి మాత్రం గవరయ్య ఇంట్లోనే కాపురం ఉండేది. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అనలేదు, గవరయ్యే అనేవాడు. "ఊరివాళ్ళు చెప్పిందాంట్లో సగం వింటారు, మిగతా సగం సొంతంగా కల్పించుకుంటారు. మన ఇంట్లో ఆ పప్పులుడకవు. చెప్పింది చెప్పినట్టే!" అని బట్టతల నిమురుకునేవాడు. తమ్ముడు పెంటయ్య "అవునన్నయ్యా" అనేవాడు. భార్య సూరీడమ్మ "మరే!" అనేది. ఇంట్లో ఉన్న ముగ్గురూ ఒప్పుకున్నాక ఇంక కాదనేవాళ్ళెవరు?

వాళ్ళకో గాలి తెప్ప ఉంది. గాలి తెప్ప అంటే ఏం లేదు, రెండు పొడుగాటి రబ్బరు గొట్టాలు, వాటి మధ్య కూర్చోడానికి ఒక పలక. పంపుతో గాలి కొడితే గొట్టాలు ఏనుగు కాళ్ళలా ఉబ్బుతాయి, తెప్ప తేలుతుంది. చొక్కాకి కుట్టు ఎలాగో దానికి అతుకు అలాగ. కుట్టు ఊడితే చొక్కా చిరుగుతుంది. అతుకు విచ్చుకుంటే తెప్ప మునుగుతుంది.

ఆ అతుకు కాస్తా విచ్చుకుంది. ఎప్పుడు? రేపు వేట తెరుస్తారనగా!

చేపలు గుడ్లు పెట్టే కాలమంతా జలాశయంలో వేట ఉండదు. మళ్ళీ తెరిచే రోజు పొద్దున్నే సంఘం ప్రెసిడెంటు అప్పలనర్సయ్య గట్టెక్కి కొమ్ము ఊదుతాడు. కొమ్ము ఊదేసరికి ఎవరి తెప్ప నీళ్ళ మీద ఉంటే వాళ్ళకే ఆ ఏడు వేట. లేనివాళ్ళు ఏడాది పొడుగునా ఊరివాళ్ళ చిరిగిన వలలు అల్లుకుంటూ గట్టునే కూర్చోవాలి.

గవరయ్య పరుగు పరుగున పంక్చర్ల షాపుకి వెళ్ళాడు. షాపు కాసిం చేతిలో లారీ టైరుంది, వెనకాల మరో లారీ హారను కొడుతోంది. అతను తలెత్తకుండానే గబగబా చెప్పేశాడు.

"ఇదిగో రబ్బరు ముక్క, ఇదిగో జిగురు. ముందు సబ్బు నీళ్ళు రాయి, బుడగలొచ్చిన చోట చిల్లున్నట్టు. తర్వాత గాలంతా తీసెయ్. జిగురు రెండు వైపులా రాసి ముక్క అంటించి, మీద బాగా బరువైంది పెట్టు. తెల్లారేదాకా కదపకు. రేపు సాయంత్రం దాకా దానికి నీటిచుక్క తగలకూడదు. అర్థమైందా?"

"ఒక్క మాట కింద పడనిస్తే నా పేరు గవరయ్యే కాదు భాయ్!"

ఇంటికి రాగానే సూరీడమ్మ బేసిన్లో సబ్బు కలిపింది. పెంటయ్య తెప్పని గేదెని తోమినట్టు తోమాడు. అంతే! ఈ కొస నుంచి ఆ కొస దాకా నురగే నురగ.

"అన్నయ్యా, కొంప మునిగింది! తెప్పంతా చిల్లులే!"

"హయ్యో!" అని గవరయ్య నురగ తడిమి చూసి, ఆ సబ్బు చేతుల్తోనే నెత్తి బాదుకున్నాడు. ఆ నున్నటి తల మీద నిమ్మకాయంత బుడగ ఒకటి లేచి ఎండకి తళతళలాడింది.

"ఏమయ్యా, నీ తలకి కూడా చిల్లే!" అంది సూరీడమ్మ గొంతు తగ్గించి.

"సరిగ్గా చూడవే!"

"చూస్తూనే ఉన్నా. అది పగిలింది, పక్కన ఇంకోటొచ్చింది."

గవరయ్య నెత్తి మీద అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "అదా సంగతి! నిన్న ఏం కూర తిన్నానో ఇవాళ గుర్తుండటం లేదంటే ఏమో అనుకున్నాను. ఇన్నాళ్ళూ తెలివి కారిపోతోందన్నమాట! ఒరే పెంటయ్యా, ముందు నా తల సంగతి చూడు. తల బాగుంటేనే కదా తెప్ప బాగయ్యేది!"

పెంటయ్య రబ్బరు ముక్కని సగానికి కత్తిరించి, జిగురు పూసి, అన్నగారి నడినెత్తిన అంటించాడు. గవరయ్య కాసేపు కళ్ళు మూసుకుని, "ఆగింది! లోపల నిండుతున్నట్టు తెలుస్తోంది" అన్నాడు. తెప్ప చుట్టూ చెయ్యి పెట్టి చూస్తే ఒక్క చోటే గాలి తగిలింది. మిగిలిన సగం ముక్క అక్కడికి సరిపోతుందని తేల్చారు.

"ఇప్పుడు గాలంతా తీసెయ్యాలి. తెప్పలో గాలన్నాడా అన్నయ్యా?"

"లేదు. గాలంతా అన్నాడు."

ఇంకేముంది! తెప్పలో గాలి తీశారు. సైకిలు చక్రాల్లో తీశారు. సూరీడమ్మ చాట పుచ్చుకుని ఇంట్లో గాలిని "పో! పో!" అని వీధి గుమ్మంలోంచి తోలింది. అది పెరటి గుమ్మంలోంచి వచ్చేసింది. పెరటివైపు తోలితే వీధిలోంచి వచ్చింది. రెండు తలుపులూ బిడాయించి చెమటలు తుడుచుకుంటుంటే గవరయ్య ఒక్కసారి ఉలిక్కిపడ్డాడు.

"ఆగండి! మన లోపల కూడా ఉంది!"

ముగ్గురూ "ఉఫ్ఫ్" మని గాలి బయటికి ఊదేసి, బిగబట్టి నిలుచున్నారు. మొహాలు ఎర్రబడ్డాయి, కళ్ళు గుడ్లగూబ కళ్ళయ్యాయి. చివరికి పెంటయ్య ఆగలేక గుటుక్కుమని పీల్చేశాడు.

"ఒరే దొంగా! తీసినదంతా మళ్ళీ లోపలేసుకున్నావా!" అని గవరయ్య అరిచాడు. అరవాలంటే ముందు పీల్చాలి కదా, దాంతో ఆ పని అక్కడితో ఆగిపోయింది.

తర్వాత జిగురు. మామూలుగా అయితే తెప్ప మీద చిల్లు చుట్టూ, ముక్క అడుగునా రాస్తారు. అవి రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పెంటయ్య మాత్రం ముక్కకి కిందా రాశాడు, పైనా రాశాడు. రెండు వైపులా అన్నాడు కదా మరి!

ఇక దాని మీద బరువు పెట్టాలి. అన్నదమ్ములిద్దరూ కలిసి రుబ్బురోలు ఎత్తి చూశారు, లేచింది. సూరీడమ్మని ఎత్తి చూశారు, లేవలేదు.

"ఈ ఇంటికి బరువు నేనే కదయ్యా!" అని ఆవిడ గర్వంగా వెళ్ళి ముక్క మీద చతికిలబడింది. తెల్లారేదాకా కదలొద్దన్నారు కాబట్టి అన్నం అక్కడే తింది, అక్కడే కునికిపాట్లు పడింది.

తెల్లారింది. పెంటయ్య పంపుతో గాలి కొట్టాడు. అతుకు నిలిచింది! తెప్ప లేచింది, దాంతోపాటే సూరీడమ్మా లేచింది. దిగబోతే చీర రాలేదు. తెప్పకి ముక్క, ముక్కకి చీర, చీరలో సూరీడమ్మ.

"పోనీలే వదినా, గట్టి అతుకు" అన్నాడు పెంటయ్య.

అప్పుడు గవరయ్యకి అసలు చిక్కు గుర్తొచ్చింది. కొమ్ము ఊదేసరికి తెప్ప నీళ్ళ మీద ఉండాలి. సాయంత్రం దాకా నీటిచుక్క తగలకూడదు. నీళ్ళ మీద పెడితే అతుకు పోయె, పెట్టకపోతే వేట పోయె! గవరయ్య నెత్తిమీది రబ్బరు ముక్క గోక్కున్నాడు, గోక్కున్నాడు, చివరికి మొహం వెలిగిపోయింది.

"బిందెలు పట్రండి!"

ఇంట్లో బిందెలు, గుండిగలు, ఇరుగుపొరుగు డ్రమ్ములు అన్నీ గట్టు మీదికి చేరాయి. వాటిని అంచుకి కాస్త తక్కువగా నీళ్ళతో నింపి, బారుగా పేర్చారు. తెప్పల దగ్గరికి పోతున్న జనం పొట్టలు పట్టుకుని నవ్వుతూనే తలా ఓ చెయ్యి వేసి, సూరీడమ్మతో సహా తెప్పని ఎత్తి బిందెల మీద పెట్టారు. అన్నదమ్ములు కూడా ఎక్కి కూర్చున్నారు. కొమ్ము మోగింది.

అప్పలనర్సయ్య కొమ్ము చేత్తో పట్టుకునే వచ్చాడు. "ఇదేట్రా గవరయ్యా?"

"తెప్పండి. నీళ్ళ మీదే ఉందండి. కావలిస్తే వంగి చూసుకోండి."

ఆయన వంగి చూశాడు. కింద నీళ్ళున్నాయి. మీద తెప్ప ఉంది. ఆయనకి నవ్వు ఆగక, కండువా నోట్లో కుక్కుకున్నాడు. "నీళ్ళ మీద ఉండాలన్నదీ నేనే, ఏ నీళ్ళో చెప్పనిదీ నేనే. సరే, ఈ ఏడు వేట మీదేరా! కానివ్వండి మరి" అనేసి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

కానివ్వమన్నాక ఊరుకుంటారా? గవరయ్య ఒక బిందెలో గాలం వేశాడు. పెంటయ్య గుండిగలో వేశాడు. సూరీడమ్మ కూర్చున్నచోటి నుంచే, వెనక్కి తిరిగి చూడకుండా డ్రమ్ము వైపు విసిరింది. గాలం తెప్ప కిందికి దూరింది. పక్కన జలాశయంలో జనం వలలు లాగుతూ కేకలేసుకుంటున్నారు.

"ఆ గోలకి చేపలు బెదిరి ఇటే వస్తాయి. మాట్లాడకండి" అన్నాడు గవరయ్య.

అన్నంతా అయింది. సూరీడమ్మ గాలం బిగిసింది.

"ఏమయ్యోయ్, పడింది! రావట్లేదు!"

"ఎంతుంటుంది?"

"తెప్పంత ఉంటుంది!"

ముగ్గురూ దారం పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. కింద నుంచి "బుస్స్స్..." మని చప్పుడొచ్చింది.

"వింటున్నారా? చేపకి ఊపిరి అయిపోతోంది!" అన్నాడు గవరయ్య.

"అన్నయ్యా, మనం కిందికి దిగుతున్నాం!"

"దిగమా మరి! దానికి దగ్గరవుతున్నాం. వదలకండి, ఊపిరంతా పోయేదాకా గుంజండి!"

గుంజారు. ఊపిరంతా పోయింది. ముగ్గురూ మూడు గుండిగల్లో చతికిలబడి, కిక్కురుమనకుండా ఆ చచ్చిన చేప పైకి తేలడం కోసం చూస్తూ కూర్చున్నారు.