దూది తాగిన నీళ్లు

మంట ఆర్పింది తనే. మరి గురువు గడపకి అడ్డంగా ఎందుకు నిలబడ్డాడో లాలప్పకి అర్థం కాలేదు.

దూదితోపాటు మనసుల్నీ ఏకి చిక్కులు తీస్తాడని కాశింపీరా సాహెబ్‌కి పేరు. ఆయన దగ్గర లాలప్ప ఆరేళ్లుగా శిష్యుడు. ఆ మధ్యాహ్నం పీరాసాహెబ్ ఇంటి అటక మీది దూదికి నిప్పంటుకుంది. వీధి వీధంతా వరస కట్టి కడవలు అందించింది. లాలప్ప నిచ్చెనెక్కి, అటక కిటికీలోంచి గంటసేపు నీళ్లు గుమ్మరించాడు. పొగ చావగానే "ఆర్పేశా!" అని అరిచాడు. జనం ఈలలు వేశారు.

పీరాసాహెబ్ అక్క ఇమాంబీ వెనక గదిలో ఉండిపోయింది. ఆమెకి కాళ్లు పడిపోయి ఏడాదైంది. మంట ఆ గదిదాకా పోలేదు గానీ, బయటికి తేవాలంటే అటక కింది నడవ దాటాలి.

"ఒరే లాలప్పా! ఇంటినిండా నిప్పు పెట్టుకుని నా బీడీకి మాత్రం లేదంట్రా?" లోపల్నుంచి కేక.

"వస్తన్నా పెద్దమ్మా!" లాలప్ప నవ్వుతూ ముందుకురికాడు. వెనక పదిమంది.

పీరాసాహెబ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"మంటే లేదు కదా బాబా! ఇంకా భయమేనా?"

 ఆయన వాకిట్లో పడున్న దూది కాస్త తీసి శిష్యుడి అరచేతిలో పెట్టాడు.

"బరువుందా?"

"దూదికేం బరువు బాబా?"

ఆ దూదినే కడవలో ముంచి, పిండకుండా, మళ్లీ అదే చేతిలో పెట్టాడు. చెయ్యి కిందికి వంగింది.

లాలప్ప తలెత్తి చూశాడు. అటక దూలాలు సగందాకా బొగ్గు. వాటి మీద ఇరవై బస్తాల దూది, గంటసేపు తను పోసిన నీళ్లన్నీ తాగి కూర్చుంది. నడిమి దూలం నుంచి మసి సన్నగా రాలుతోంది.

"ఎవ్వరూ లోపలికి పోవద్దు! గడ్డపార తెండి!" అని అరిచాడు.

వెనక గది కప్పు వేరు. ఇంటి చుట్టూ పరిగెత్తి లాలప్ప దాని మట్టిగోడ పొడవడం మొదలెట్టాడు.

"కన్నం వేస్తన్నావేంట్రా, దొంగలాగా?" అంది ఇమాంబీ.

"అవును పెద్దమ్మా, నిన్నే ఎత్తుకుపోతా!"

మనిషి పట్టేంత కన్నం పడింది. దూరి, ఆమెని బయటి చేతులకి అందించి, తనూ వచ్చాడు. పది అడుగులు వేశారో లేదో, నడవలో ఫెళ్లుమంది. అటక మొత్తం కూలింది. కాళ్ల కింద నేల అదిరింది.

 ఆ తర్వాత వీధంతా ఒకటే కేరింత. ముసలామెనీ లాలప్పనీ చెరో పక్క భుజాలకెత్తుకున్నారు.

పైనుంచే లాలప్ప అడిగాడు: "బాబా, అంత మంటకి జంకలేదే మీరు. గడప దగ్గర భయపడ్డారేం?"

"మంట మీద నీళ్లు పోస్తాం బేటా," అన్నాడు పీరాసాహెబ్. "ఆర్పేశానని ఉరికేవాడి మీద ఏం పోయాలో తెలియక."