మద్దిచెట్టు మీద చోటు

సముద్రం పోటు మీదుంటే ఆ మడ అడవిలో ఏ దిబ్బవాళ్ళు ఆ దిబ్బ మీదే. ఈదుదామంటే నీళ్ళు ఈడ్చుకుపోతాయి, పోటు తీశాక నడుద్దామంటే పీకల్లోతు బురద. చుంచెలుకకి అవతలి దిబ్బ మీద సొంత అక్క ఉన్నా చూసి రావడానికి లేదు. అలాంటి చోట నక్క జంబులయ్య ఎగురుబండ్లు పెట్టాడు. కబురంపితే పక్షి వస్తుంది, ఎక్కించుకుని అడిగిన దిబ్బ మీద దింపుతుంది. ఎక్కినవాళ్ళు పీతో, చేపో జంబులయ్య గుమ్మంలో పెట్టి పోవాలి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆలోచన మంచిదే. చేసినవాడే మంచివాడు కాదు.

ఒకనాడు జంబులయ్య దగ్గర పనిచేసే కాకి లింగం చెట్టుచెట్టుకీ వాలి గొంతు చించుకున్నాడు.

"జంబులయ్యగారి కంపెనీ పెరుగుతోందహో! ఇంకా దూరం దిబ్బలకి బండ్లు వేస్తున్నారహో! పైలట్లు కావాలహో! పరీక్ష నెగ్గితే ఉద్యోగం, ఉద్యోగులందరితో కలిసి మద్దిచెట్టు మీద చోటు!"

ఆ చివరిమాట వినగానే గూడబాతు పైడమ్మకి గుండె ఝల్లుమంది.

పైడమ్మ సంగతి కాస్త చెప్పాలి. పోయినేడు జాలర్లు పారేసిన వలలో చిక్కుకుని దాని రెక్క దెబ్బతింది. మంద కొన్నాళ్ళు చూసింది, తర్వాత వెళ్ళిపోయింది. వాళ్ళనీ అనడానికి లేదు, ఎదిగిన పిల్లలకి ఇక్కడి తిండి చాలదు మరి. రెక్క బాగయ్యేసరికి వాళ్ళు ఏ దిక్కుకి పోయారో చెప్పే దిక్కు లేదు. అప్పట్నుంచీ ఒక ఎండిపోయిన మడచెట్టే దాని ఇల్లు. సాయంత్రమైతే కొమ్మ చివరికంటా జరిగి కూర్చునేది. పక్కన ఇంకా ఎవరో వచ్చి కూర్చోవాల్సి ఉన్నట్టు చోటు వదిలేది. ఎవరొస్తారు, నా మొహం! మాట్లాడక మాట్లాడక నోరు పాచిపట్టిపోయింది దానికి.

దూరంగా సముద్రం వైపు గట్టు మీద జంబులయ్యగారి మద్దిచెట్టు కనబడేది. ఇక్కణ్ణుంచి చూస్తే గుబురుగా, నల్లగా ఉండేది. ఈపాటికి అందరూ చేరి ఉంటారు, రెక్క రెక్క ఆనించుకుని రోజంతా జరిగినవి చెప్పుకుంటూ ఉంటారు అనుకునేది పైడమ్మ. అలా అనుకుంటూనే నిద్రపోయేది.

మర్నాడు పొద్దున్నే జంబులయ్య గుమ్మంలో వాలింది. కాకి లింగం ఠీవిగా గొంతు సవరించుకున్నాడు.

"ఎదురుగాలి కొడితే ఏంచేస్తావమ్మాయ్?"

"కిందికి దిగి నీళ్ళ వారనే ఎగురుతానండీ."

"నీ గొంతుసంచిలో చుంచెలుకలు కూర్చుంటాయి. నీకా ఆకలేస్తుంది. అప్పుడో?"

"అయ్యో, అవేం మాటలండీ! నేను చేపలే తింటాను."

జంబులయ్య లోపల్నుంచి నవ్వుతూ వచ్చాడు. "మాటలు బాగానే ఉన్నాయి చెల్లెమ్మా. చేతల్లో చూడాలిగా? అదిగో, ఆ ఎలుకల్ని తూర్పుదిబ్బకి చేర్చు, అది బరువు పరీక్ష. ఒక్కటే నిబంధన. పరీక్ష సంగతి ఇంకో పక్షితో అన్నావని తెలిసిందో, నీ పేరు కొట్టేస్తాను. కొమ్మ వదిలి ఎక్కడికీ వెళ్ళకు, కబురు చేస్తాం."

చుంచెలుక పిల్లల్ని వేసుకుని పైడమ్మ సంచిలో కూర్చుంది. కూర్చుందో లేదో మొదలుపెట్టింది. అక్కకి ఒంట్లో బాగాలేదట, బావ ఉత్త సోమరిపోతట, పెద్దపిల్లది మొండిఘటమట. సంచిలో జనం ఉంటే పైడమ్మ మాట్లాడలేదు కదా, "ఊఁ... ఊఁ..." అంటూ ఊకొట్టింది. అన్నాళ్ళూ పాచిపట్టిన నోట్లో ఇప్పుడు ఒక ఇంటి కబుర్లన్నీ నిండాయి. తూర్పుదిబ్బ అంత దగ్గరగా ఎందుకుందా అని బెంగపడింది పిచ్చిది.

కబురు వచ్చింది. ఉద్యోగం కబురు కాదు, ఇంకో పరీక్ష కబురు. దూరం పరీక్షన్నారు, ఉడతల్ని మోసింది. నిదానం పరీక్షన్నారు, తాబేలు అవ్వని మోసింది. వానలో పరీక్షన్నారు, తడుస్తూ ముంగిస కుటుంబాన్ని మోసింది. పని కాగానే జంబులయ్య తల పంకించి "బాగుంది, బాగుంది. కబురు చేస్తాం" అనేవాడు. వచ్చిన పీతల్ని లోపలికి జరుపుకునేవాడు.

పైడమ్మకి అనుమానం రాలేదా అంటే, వచ్చింది. కానీ అడిగితే ఆ ఊకొట్టే భాగ్యం కూడా పోతుందేమోనని నోరెత్తలేదు. ఒంటరిగా ఉన్నవాళ్ళని మోసం చెయ్యడం ఎంత తేలికో చూశారా!

ఇలా ఉండగా జంబులయ్యకి కొత్త బుద్ధి పుట్టింది. సముద్రం అంచున పెద్దదిబ్బ ఉంది. అక్కడ ఎవరూ ఉండరు, పీతలు మాత్రం కాళ్ళకి అడ్డం పడుతుంటాయి. అక్కడో ఆఫీసు తెరవాలి, తనే స్వయంగా వెళ్ళి కాలు పెట్టాలి అనుకున్నాడు. చుంచెలుకంటే సంచిలో పడుతుంది గానీ నక్క పడుతుందా? పాత వల ఒకటి తెప్పించి, మూడు మూలలా మూడు తాళ్ళు కట్టించాడు. మునుపెన్నడూ చెయ్యని పని ఒకటి చేశాడు. పరీక్షలకి వచ్చే పక్షుల్ని ముగ్గుర్ని ఒకేసారి పిలిచాడు.

పైడమ్మ వెళ్ళేసరికి అక్కడ ముసలి గూడబాతు సత్తెయ్య, ఎర్రకాళ్ళ కొంగ అప్పలసామి ఉన్నారు. ఎన్నాళ్ళకో తనలాంటి ముక్కు, తనలాంటి సంచి కనబడేసరికి పైడమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పలకరించబోయింది.

"ఊఁహూఁ!" అన్నాడు జంబులయ్య వలలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంటూ. "ఇది ఆఖరి పరీక్ష. నోరు మెదిపినవాళ్ళ పేరు కొట్టేస్తాను. తాళ్ళు మెడలో వేసుకోండి."

వల తాడు మెడలో పడగానే పైడమ్మకి రెక్క కింద పాత నొప్పి కలుక్కుమంది. అయినా ఓర్చుకుని లేచింది. ముగ్గురూ లేచారు, ఎవరికివాళ్ళు. ముసలాయనది నెమ్మది రెక్క, కొంగది దూకుడు రెక్క. ఒకరు ఎత్తితే ఒకరు దించుతున్నారు. వల ఓ పక్కకి ఒరిగిపోయింది, జంబులయ్య వెనక్కాళ్ళు కన్నాల్లోంచి కిందికి జారి గాల్లో వేళ్ళాడుతున్నాయి. కిందంతా సుళ్ళు తిరుగుతున్న పోటునీళ్ళు.

"చచ్చాన్రా దేవుడా! ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని ఎగరండి! నోళ్ళు లేవా మీకు?"

"మాట్లాడమంటారా అయ్యా?" అన్నాడు సత్తెయ్య.

"మాట్లాడండి బాబూ, మీకు పుణ్యముంటుంది!"

"అయితే నా రెక్క చూసి ఎగరండర్రా. ఎత్తు... దించు... అప్పలసామీ, తొందరపడకు. తల్లీ, నువ్వు కాస్త పైకి."

వల సర్దుకుంది. జంబులయ్య ఊపిరి పీల్చుకున్నాడు. కానీ ఒకసారి తెరుచుకున్న పైడమ్మ నోరు మళ్ళీ మూసుకుంటుందా?

"తాతా, మీకిది ఎన్నో పరీక్ష?"

"ఆఖరిదమ్మా."

"నాకూ ఆఖరిదే."

"నాకు ఆఖరిది ఎప్పుడో అయిపోయింది" అన్నాడు అప్పలసామి. "ఇది ఆఖరిదాని తర్వాతది."



"మరి ఉద్యోగం వచ్చిందెవరికి?" అంది పైడమ్మ.

"ఇంక చాలు, మాటలు ఆపండి!" అని వలలోంచి అరుపు. ఎవరు వింటారు?

సరిగ్గా అప్పుడే, ఇన్నాళ్ళూ దూరం నుంచే చూసిన మద్దిచెట్టు మీదుగా వెళ్ళారు. ముగ్గురూ ఒక్కసారే తలలు వంచి చూశారు. చెట్టు మీద ఒక్క పిట్ట లేదు. ఒక్క ఈక లేదు, ఒక్క రెట్ట మరక లేదు. కొమ్మల మధ్య సాలెగూళ్ళు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఉన్న పైలట్లు అర్ధాకలితో విసిగి ఎప్పుడో ఎగిరిపోయారు. ఆ తర్వాత ఉద్యోగమంటూ ఎవరికీ ఇచ్చింది లేదు, కంపెనీ మొత్తం పరీక్షల మీదే నడుస్తోంది.

పైడమ్మకి ముందు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ఎన్ని సాయంత్రాలు ఆ చెట్టు వంక చూస్తూ నిద్రపోయింది! అక్కడ కూడా ఎవరూ లేరన్నమాట.

"వదిలేద్దామా?" అన్నాడు అప్పలసామి పళ్ళు నూరుతూ. కొంగకి పళ్ళెక్కడివంటారా, అంత కోపం వచ్చిందని చెబుతున్నాను.

"అమ్మో! వద్దు! మీ కాళ్ళు పట్టుకుంటాను!" అన్నాడు జంబులయ్య.

"వద్దులే" అంది పైడమ్మ ముక్కు ఎగబీల్చి. "పెద్దదిబ్బ మీద దింపమన్నాడు, దింపుదాం. పరీక్ష పాడుచేసుకోవడం ఎందుకు?"

మెత్తగా దింపారు. నేల తగలగానే జంబులయ్యకి ప్రాణం లేచొచ్చింది, పాత నవ్వూ లేచొచ్చింది. "శభాష్! ముగ్గురూ నెగ్గారు. ఈ క్షణం నుంచే ఉద్యోగం. సాయంత్రానికి నన్ను వెనక్కి..."

"వెనక్కి వెళ్ళాలంటే పైలట్లు కావాలి కదండీ" అంది పైడమ్మ తాడు మెడలోంచి తీసేస్తూ. "మీరు మంచి బేరమో కాదో మేమూ పరీక్షించుకోవాలిగా. దిబ్బ వదిలి ఎక్కడికీ వెళ్ళకండి. కబురు చేస్తాం."

ఆ సాయంత్రం ముగ్గురూ సాలెగూళ్ళు దులుపుకుని మద్దిచెట్టు ఎక్కారు. కాకి లింగం ఎటు పోయాడో పోయాడు. పైడమ్మ అలవాటు కొద్దీ కొమ్మ చివరికంటా జరిగి కూర్చుంది. సత్తెయ్య తాత వచ్చి ఆ ఖాళీలో కూర్చుని, రెక్క ఆనించి, "ఇప్పుడు చెప్పు తల్లీ, నీ మంద ఏదీ?" అని అడిగాడు. పైడమ్మ చెప్పడం మొదలుపెట్టింది.

పెద్దదిబ్బ వైపునుంచి గాలి మీద ఊళ వినబడింది. పీతలకేం కొదవలేదు అక్కడ, వినేవాడే లేడు. ఆ గొంతు ఎందుకలా ఉందో పైడమ్మకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? మర్నాటినుంచి రోజూ అటు ఒక చుట్టు తిరిగి, చెట్టు చిటారున వాలి, అతను చెప్పే గోడంతా విని వచ్చేది. వెనక్కి తీసుకెళ్ళమన్నప్పుడు మాత్రం రెక్కలు విప్పి లేచేది. మిగతా అన్నిటికీ "ఊఁ... ఊఁ..." అనేది.

విడివిడిగా కూర్చోబెట్టి ఆశ చూపేవాడి ఆటలన్నీ, ఆ ఆశపడ్డవాళ్ళు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకునేదాకానే.