వరమంటి మాత గుడి పునాది కథ

గౌతమి పాయ నడుమ, రేవు నుంచి పడవలో పావుగంట దూరాన వరమంటి లంక ఉంది. పడవ దిగగానే కనిపించే తెల్లని గుడి వరమంటి మాతది. లంకలో ఉన్నవి నలభై గడపలు. గుడిలో మాత్రం నాలుగు వందల మంది కూర్చోవచ్చు. ఇంత చిన్న ఊరికి అంత పెద్ద గుడి దేనికని యాత్రికులు అడుగుతుంటారు. పునాది అంత పెద్దదిగా తీశారు గనుక, అని ఊరివారు చెబుతారు. అది నిజమే.

పూర్వం ఇక్కడ గుడి అంటే తాటాకు పాక. ఇటలీ దేశపు సార్డీనియా ద్వీపం నుంచి వచ్చిన ఎఫీసియో ఫాదర్ గారు అందులో పూజ చేసేవారు. ఆయన ప్రసంగం ఎక్కడ మొదలైనా వాళ్ల ద్వీపానికే చేరేది. అక్కడి రాతి నేల, ఎడతెగని సముద్రపు గాలి, ఆ గాలికి ఒంగి పెరిగే ద్రాక్ష తీగలు, వాటి పండ్లతో చేసే తెల్లని వైను. దాని పేరు వెర్మెంటినో. చివర బాదంపప్పు చేదు, నాలుక మీద కాస్త ఉప్పు తగులుతాయట. దానికి జోడు కొయ్యింగ చేప జన, అంటే కడుపులోని గుడ్ల తిత్తి; ఉప్పు పట్టించి, గాలికి ఆరబెట్టి, పలచగా కోసింది. "ఒకటి లేకుండా రెండోది ముట్టడం పాపం కాదు, దుఃఖం" అనేవారు. వెర్మెంటినో లంకవారి నోట వరమంటినో అయింది. అదేదో లాటిన్ జపమనుకొని ముసలివాళ్లు సిలువ గుర్తు వేసుకునేవారు.

ఇలా ఉండగా బిషప్పుగారి ఉత్తరం వచ్చింది. పూజకు పదిమందైనా రావడం లేదట. తామే వచ్చి చూసి, అది నిజమైతే పాక మూసి, అందరినీ ఏటి అవతల గట్టు మీది గుడిలో కలుపుతారట.

ఫాదర్ గారికి వంట చేసే ఆగ్నేసమ్మ గుండె జారిపోయింది. ఆమెకు పడవ చూస్తేనే కళ్లు తిరుగుతాయి. పెళ్లయి లంకకు వచ్చిననాడు ఎక్కిందే ఆఖరు. గట్టు మీది గుడి అంటే ఆమెకు గుడి లేనట్టే. విందుతోనైనా బిషప్పుగారి మనసు కరిగించాలని కొయ్యింగ జన ఆరబెట్టింది. ఫాదర్ గారు తమ దగ్గర మిగిలిన ఒకే ఒక్క వెర్మెంటినో సీసా తీసి, "చల్లగా ఉండాలమ్మా" అని ఆమె చేతిలో పెట్టారు. ఆమె దాన్ని పాక వెనక మెరక మీద తడి ఇసుకలో పాతి, గుర్తుకు ఒక కర్ర నాటింది.

ఆమె భర్త జోజప్ప క్రిస్మస్‌కు క్రిస్మస్‌కు మాత్రమే గుడికి వచ్చే భక్తుడు. కర్ర కనబడింది కదా అని గేదెను కట్టేశాడు. గేదె కర్రతో సహా ఏట్లోకి వెళ్లిపోయింది.

బిషప్పుగారు వచ్చే రోజు ఉదయం సంగతి బయటపడింది.

"ఎక్కడ పాతావే?"

"కర్ర దగ్గర."

"కర్ర ఏదీ?"

"నీ గేదెనడుగు."

పొయ్యి దగ్గర కునుకులో మాత కనిపించి "తవ్వండి" అన్నదని ఆగ్నేసమ్మ తరువాత చెప్పింది. ఆనాడు కునుకు తీసే తీరిక ఎక్కడిదని ఎవరూ అడగలేదు. ఇసుకలో సీమ సీసా ఉందన్న కబురు పాకింది. గంటలో నలభై గడపలవారూ పలుగు పారలతో దిగారు. పదేళ్లుగా పూజ మొహం చూడనివారు అందరికంటే లోతుగా తవ్వారు.

నడుము లోతు గొయ్యి అయ్యేసరికి బిషప్పుగారి పడవ వచ్చింది.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు. ఫాదర్ గారు అబద్ధమాడలేక ఆకాశం చూశారు.

"గుడికి పునాదండి" అంది ఆగ్నేసమ్మ.

"ఇంత పెద్దదా!"

"ఎక్కడుందో తెలిస్తే ఇంత తవ్వుతామా అండీ?" అన్నాడు జోజప్ప. భార్య అతని కాలు తొక్కింది.

బిషప్పుగారి కళ్లు చెమర్చాయి. "పూజకు పదిమంది రారని నాకు రాసిందెవరు?" అన్నారు. రాసినవాడు గొయ్యిలోనే ఉన్నాడు. తల వంచుకొని తవ్వుతూనే ఉన్నాడు.

భోజనంలో జన ముక్క నోట పెట్టుకొని బిషప్పుగారు, "అద్భుతం! దీనికి జోడు ఏమీ లేదా?" అన్నారు. ఫాదర్ గారు గొయ్యి వైపు చూశారు.

"ఉందండి. పునాదిలో ఉంది" అంది ఆగ్నేసమ్మ.

ఆ మాటను బిషప్పుగారు ఏడాది పొడుగునా ప్రసంగాల్లో వాడుకున్నారు. ఆ సాయంత్రమే తమ చేతులతో మొదటి రాయి వేశారు. అది దిగుతుంటే ఫాదర్ గారు వెక్కి వెక్కి ఏడ్చారు. అంత భక్తి తామెన్నడూ చూడలేదని ఊరంతా చెప్పుకుంది.

నేటికీ మాత పుట్టినరోజు పండుగకు భక్తులు గుడిలో బారులు తీరి కూర్చుంటారు. కుడిచేత్తో జన ముక్క నోట పెట్టుకొని, ఎడమచేత్తో నేల తాకి, "వరమంటినో" అంటారు. అలా చేసినవారి ఊళ్లో గుడి మూతపడదని, ఆలుమగల జోడు విడిపోదని నమ్మకం. పలుగు పారలు పడవలోనే వదలి రావలెనని భక్తులకు మనవి.